ఆమె తల కొలత

ఆదివారం వచ్చిందంటే ఇంటిల్లిపాది తలల చెమటా సూదమ్మ చేతికే వస్తుంది.

హెల్మెట్ల లోపల ఉండే మెత్తల సంగతి ఇది. వాటిని గుండీలు ఊడదీసి బయటికి లాగాలి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టాలి, వేళ్ళతో నలపాలి. బ్రష్షు పెట్టి రుద్దకూడదట, పిండకూడదట, తువ్వాల్లో చుట్టి నొక్కాలట. ఈ ‘అట’లన్నీ భర్త వీడియోల్లో చూసి చెప్పినవి. చూసేది అతను, చేసేది ఈమె. చూడటానికి పట్టినంతసేపే చేయడానికీ పడుతుందని అతని నమ్మకం. భర్త నుదుటి జిడ్డూ, మామగారి తలనూనే, పాప బడి దుమ్మూ వేళ్ళ సందుల్లోంచి నల్లగా కారుతుంటే ఒక్క వారమైనా బకెట్టు ముందు గొంతుక్కూర్చుని చూస్తే తెలిసేది. అతను ఎప్పుడూ చూడలేదు. ఆ టైముకి అతను పేపరు చదువుతుంటాడు. పేపరు చదవడం కూడా పనే అంటాడు.

సూదమ్మ అసలు పేరు కాదు. ఒక ల్యాబు తరఫున ఇల్లిల్లూ తిరిగి రక్తం శాంపిళ్ళు తీసుకురావడం ఆమె ఉద్యోగం. తెల్లారకముందే బండి మీద బయల్దేరి, ముసలివాళ్ళూ మంచం పట్టినవాళ్ళూ ఏమీ తినకుండా ఎదురుచూసే గుమ్మాలకి వెళ్ళి సూది గుచ్చి రావాలి. ఆ ఇళ్ళలో పిల్లలు పెట్టిన పేరది. పిల్లలు పెడితే ముద్దుగానే ఉండేది. భర్త దాన్ని ఇంటికి తెచ్చి నలుగురిలో వాడటం మొదలుపెట్టాక ముద్దు పోయింది. “మా సూదమ్మ బయట చేతులకి గుచ్చుతుంది, ఇంట్లో చెవులకి గుచ్చుతుంది” అంటాడు. అందరూ నవ్వుతారు. మొదట్లో ఆమె కూడా నవ్వింది.

ఆ ఇంట్లో హెల్మెట్ కొనడం అంటే చిన్న విషయం కాదు. మామగారికి కొన్నప్పుడు వారం రోజులు ఇల్లంతా అదే చర్చ. ఆయన మోపెడ్ మీద పార్కుకి వెళ్ళి వస్తాడు, అంతే. కళ్ళజోడు ఉంది కాబట్టి ముందు భాగం మొత్తం పైకి లేచే రకం అయితేనే సుఖం అని తేల్చారు. పాపది తేలిగ్గా ఉండాలి, మెడ మీద బరువు పడకూడదు అని మూడు షాపులు తిరిగారు. భర్త తనకి కొనుక్కున్నప్పుడైతే అడగక్కర్లేదు. గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్‌లోనే ఏది గట్టిది, ఏది గాలి ఆడేది, ఏ గుర్తు ఉంటే నమ్మాలి, ఏ గుర్తు దొంగది, అన్నీ చదివాడు. చదివింది చదివినట్టు భోజనాల దగ్గర అప్పజెప్పాడు. ఆమె వడ్డిస్తూ అంతా విన్నది. విన్నదంతా గుర్తుంది కూడా. అంత తెలిసిన మనిషి, ఇంట్లో అందరికంటే ఎక్కువ రోడ్డు మీద తిరిగే మనిషికి ఏ హెల్మెట్ ఇచ్చాడో చూడండి. తను వదిలేసింది ఇచ్చాడు.

పోయినేడు వానలో అతను బండి మీద నుంచి పడ్డాడు. మలుపులో చక్రం జారింది. తల వెళ్ళి రోడ్డు మధ్య దిమ్మెకి కొట్టుకుంది. హెల్మెట్ ఉంది కాబట్టి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. ఆ సాయంత్రం అత్తగారు ఆ హెల్మెట్‌ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. “ఈ టోపీయే నా కొడుకుని నాకు మిగిల్చింది” అని కళ్ళకి అద్దుకుంది. వారం తిరక్కుండా అతను కొత్తది కొనుక్కున్నాడు. పాతది ఆమె చేతిలో పెట్టాడు.

“నీకిది చాల్లే. పైన గీత కూడా పడలేదు చూడు. నువ్వు తిరిగేది దగ్గర దగ్గరేగా.”

ఆమె తిరిగేది దగ్గరో దూరమో అతను ఏనాడూ అడగలేదు. ఊరి ఈ చివర మొదలుపెట్టి ఆ చివర తేలుతుంది ఆమె రోజు. కానీ ఆడది చేసే పని దగ్గరదే అయి ఉంటుంది, తేలికదే అయి ఉంటుంది, లేకపోతే ఇంత పొద్దున్నే వెళ్ళి మళ్ళీ వంట టైముకి ఎలా వచ్చేస్తుంది? ఎలా వచ్చేస్తుందో అడిగితే కదా తెలిసేది. పరిగెత్తి వచ్చేస్తుంది.

ఈ ఆదివారం మామగారికి జలుబు చేసి పార్కు మానేశాడు, ఆయన మెత్తలు ఉతకాల్సిన పని తప్పింది. పాపవి చిన్నవి, చిటికెలో అయిపోయాయి. భర్తవి ఎండ బాగా తగిలే చోట ఆరేసింది. అలవాటు. మంచి ఎండ ఎప్పుడూ అతని మెత్తలకే. చేతులు తుడుచుకోబోతూ తన హెల్మెట్ వైపు చూసింది. ఏడాదిగా ఎప్పటికప్పుడు ‘వచ్చే వారం’ అనుకుంటూ వదిలేసింది దాన్నే. సబ్బునీళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి. పారబోయడం దేనికిలే అని దాని మెత్తలూ లాగింది.

లాగితే లోపల పగులు.

మెత్తల వెనక థర్మోకోల్ లాంటి మందపాటి పొర ఉంటుంది. నల్లటి డిప్పలో తెల్లగా. కుడి చెవి పైన ఆ పొర గుంటపడి, నొక్కుకుపోయి, అక్కడి నుంచి నడినెత్తి దాకా బారుగా చీలింది. వేలు పెడితే పొడి రాలింది. ఆమె హెల్మెట్‌ని తిప్పి పైన చూసింది. నున్నగా మెరుస్తోంది. మళ్ళీ తిప్పి లోపల చూసింది. ఆ గుంటలో బొటనవేలు సరిగ్గా ఇమిడింది. ఏడాది పొడుగునా లారీల పక్కనుంచి, బస్సుల ముందునుంచి, వానలో, మంచులో, ఇంకా దీపాలు ఆరని రోడ్ల మీద ఆమె తల ఈ గుంట కింద ఉంది. దెబ్బని తాగేసే పొర అది అని భోజనాల దగ్గర చెప్పింది అతనే. ఒక్కసారి తాగిందంటే ఇక తాగలేదు అని కూడా చెప్పాడా? చెప్పలేదు. ఆ ముక్క చెప్పినట్టు ఆమెకి గుర్తులేదు.

హెల్మెట్ పట్టుకుని హాల్లోకి వెళ్ళింది.

“ఏమండీ, ఇది చూశారా?”

అతను పేపరు దించకుండానే, “ఏంటే?” అన్నాడు.

“లోపల పగిలిపోయింది.”

పేపరు దిగింది. చూశాడు. చూసిన కళ్ళు హెల్మెట్ మీద ఎక్కువసేపు ఆగలేదు. అది ఆమెకి అప్పుడు తట్టలేదు, తర్వాత తట్టింది. “పాతదైతే అట్లాగే అవుతుంది. నువ్వేమన్నా కింద పడేశావేమో.”

అత్తగారు వంటింట్లోంచే అందుకుంది. “అమ్మాయి ఏ వస్తువునైనా అట్లాగే విసిరేస్తుందిరా. గిన్నెల మోత వినబడటం లేదూ?”

“నేను పడేయలేదు అత్తయ్యా. ఆయన పడ్డప్పుడే పగిలి ఉంటుంది.”

“దెబ్బ పడ్డది పైన కదా, లోపల ఎట్లా పగులుతుంది?” అంది అత్తగారు. చాలా తెలివైన ప్రశ్న అడిగినట్టు కొడుకు వైపు చూసింది. కొడుకు తలూపాడు.

“సరే, కొత్తది కొందాంలే,” అన్నాడు. ఎంత పెద్ద మనసో. “ఆడవాళ్ళకి హాఫ్ హెల్మెట్లు వస్తున్నాయి, చెవుల పైదాకే ఉంటాయి. తేలిగ్గా, అందంగా ఉంటాయి. నీ తలనొప్పికి కూడా అదే మంచిది.”

తలనొప్పి మాట చెప్పాలి. ఏడాదిగా ఆమెకి తలనొప్పి. మధ్యాహ్నానికి నుదుటి చుట్టూ ఇనప పట్టీ బిగించినట్టు ఉంటుంది. సాయంత్రానికి కళ్ళ వెనక్కి దిగుతుంది. మాత్రలు మింగింది. కళ్ళు పరీక్ష చేయించుకుంటే దోషం లేదన్నారు. “మా రోజుల్లో ఆ మాటే ఎరగం” అంది అత్తగారు, ఆవిడ రోజుల్లో ఆవిడకి నొప్పి వస్తే అడిగిన వాళ్ళెవరున్నారు గనక. ల్యాబులో “నిద్ర సరిపోవట్లేదేమో, తొందరగా పడుకోండి” అన్నారు, తొందరగా లేవమని చెప్పేదీ వాళ్ళే. భర్త అయితే దాన్నీ జోకు చేసుకున్నాడు. “మా ఆవిడకి తలనొప్పి, నాకు మా ఆవిడ.” ఈ జోకుని అతను ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పాడో! బీమా పాలసీలు అమ్ముతాడు అతను. నవ్వించి సంతకం పెట్టించడం అతని వృత్తి. ప్రాణం ఎంత విలువైనదో ఎదుటివాడి కళ్ళలో నీళ్ళు తిరిగేలా చెప్పగలడు. తన పేరు మీద రెండు పాలసీలు తీసుకున్నాడు. ఆమె పేరు మీద తీసుకోలేదు. అడిగితే, “పాలసీ అనేది ఇంటికి ఆధారమైనవాళ్ళ మీద తీసుకోవాలే” అన్నాడు. జీతం తెచ్చి, వంట చేసి, మెత్తలు ఉతికే మనిషి ఇంటికి ఆధారం కాదు. ఆధారం కింద పరిచిన గచ్చు.

హాఫ్ హెల్మెట్ అన్న మాట వినగానే ఆమెకి ల్యాబు ఇన్‌ఛార్జి గుర్తొచ్చాడు. కిందటి నెలలోనే పిలిచాడు. ఏసీ గదిలో కూర్చుని ఉన్నాడు. ఆమెని కూర్చోమనలేదు.

“చూడమ్మా, ఒక కంప్లయింటు వచ్చింది. మీరు హెల్మెట్ తీయకుండానే బెల్లు కొడుతున్నారట. పొద్దున్నే తలుపు తీసి చూస్తే ఎవడో దొంగలా ఉందని ఒకాయన ఫోన్ చేశాడు. ముఖం కనబడాలమ్మా. మన వ్యాపారమే ముఖం మీద నడుస్తుంది.”

“ఒక చేతిలో శాంపిళ్ళ పెట్టె, ఇంకో చేతిలో సంచీ ఉంటాయి సార్. బెల్లు కొట్టాక తీస్తాను.”

“అందుకే చెబుతున్నా, హాఫ్ హెల్మెట్ పెట్టుకోండి. ముఖానికి ముఖం కనబడుతుంది, జుట్టూ చెదరదు. గుమ్మంలో కాస్త నీటుగా ఉంటారు.”

“మరి మిగతావాళ్ళందరూ ఫుల్ ఫేసే పెట్టుకుంటున్నారు కదా సార్?”

ఇన్‌ఛార్జి నవ్వాడు. “వాళ్ళు మగాళ్ళు కదమ్మా. వాళ్ళ ముఖం ఎవడిక్కావాలి?”

ఆ రోజు బయటికొచ్చి బండి దగ్గర నిలబడి, నోట్లోంచి రాని జవాబుని పళ్ళ మధ్య నమిలింది. ముఖం కావాలట. గుమ్మంలో నిలబడ్డ రెండు నిమిషాలకి ముఖం కావాలి. ఆ గుమ్మం దాకా రావడానికి పట్టే మిగతా టైమంతా ఆ ముఖం రోడ్డు మీద పచ్చిగా, గడ్డానికి అడ్డు లేకుండా ఎదురుగాలికి వేలాడుతున్నా పర్వాలేదు. పడ్డప్పుడు ముందుగా నేలని ముద్దుపెట్టుకునేది గడ్డమే. రోడ్డుకి ఆడ గడ్డం మగ గడ్డం అని తేడా తెలీదు. ఆ తేడా తెలిసింది ఇన్‌ఛార్జికీ, భర్తకీ. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు, ఒక్క మాట మాట్లాడుకోలేదు, అయినా ఇద్దరి నోటా ఒకటే సలహా. మగవాళ్ళకి ఈ విషయాల్లో మీటింగులు అక్కర్లేదు.

“సాయంత్రం వెళ్దాం, నేనే చూసి కొంటాలే” అన్నాడు భర్త, మళ్ళీ పేపరు ఎత్తుతూ.

“నేనూ వస్తా,” అంది.

“నువ్వెందుకే, వంట?”

“తల నాది కదండీ.”

అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసింది. భర్త నవ్వేశాడు. “సరే పద, నీ తల కూడా తెచ్చుకో.”

ఆమె బండి మీదే వెళ్ళారు. అతనిది సర్వీసింగుకి ఇచ్చాడు. బండి ఆమెది, తాళం అతని చేతిలో. ఇద్దరూ కలిసి వెళ్తే నడిపేది ఎప్పుడూ అతనే. రోజూ ఆ బండిని ట్రాఫిక్కులో నడిపే మనిషి అతను పక్కనుంటే వెనక సీటుకి మారిపోతుంది. నలుగురూ చూస్తే బాగుండదని. ఎండలో ఆరిన మెత్తలు ఎక్కించిన ఫుల్ ఫేస్ అతని తల మీద సబ్బు వాసన కొడుతోంది. ఆమె మెత్తలు ఇంకా తడిగా తీగ మీదే ఉన్నాయి. పగిలిన డిప్పనే ఉత్తగా నెత్తిన పెట్టుకుని వెనక కూర్చుంది. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా చీలిక అంచు కుడి చెవి పైన గుచ్చుకుంది.

షాపతను నడివయసు మనిషి. గోడలంతా హెల్మెట్లే, తలల్లేని ముఖాల్లా. ఆమె ముందు నడిచింది, అతను వెనక నడిచాడు. షాపతను వెనకున్న మనిషికి నమస్కారం పెట్టాడు.

“రండి సార్. మేడమ్‌కా? ఏ కలర్ చూపించమంటారు?”

“పింక్ ఉందా?” అన్నాడు భర్త.

మామగారికి కళ్ళజోడు చూశారు. పాపకి మెడ చూశారు. ఆమెకి కలర్ చూస్తున్నారు.

షాపతను పింక్ హాఫ్ హెల్మెట్ దించాడు. పక్కన చిన్న పువ్వు బొమ్మ. భర్త దాన్ని అందుకున్నాడు. అందుకుని ఏం చేశాడనుకున్నారు? తన తలకి పెట్టుకున్నాడు. అద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి, కణతల దగ్గర వేలు దూర్చి చూసుకున్నాడు. పువ్వు బొమ్మ కింద ఆ మీసం చూసి షాపతను నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

“సరిపోయింది. నాకే సరిపోయిందంటే నీకు కాస్త వదులే అవుతుంది. ఆడవాళ్ళ తల చిన్నది కదా. పట్టీ బిగించుకుంటే చాలు. ఇది ప్యాక్ చేసెయ్యండి.”

ఆ క్షణంలో ఆమెకి ఒక సంగతి వెలిగింది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆమె తల మీదకి ఎన్నో వచ్చాయి. ఏ ఒక్కటీ ఆమె తలకి పెట్టి చూసి తెచ్చింది కాదు. అన్నీ అతని తలకి సరిపోతే చాలనుకుని తెచ్చినవే. పెళ్ళి, ఇల్లు, ఉద్యోగం మానాలా వద్దా అన్న చర్చ, రెండో బిడ్డ వద్దన్న నిర్ణయం. అసలు ఈ ఇంట్లో ఆమె తల ఎవరికైనా కనిపించేది వంచినప్పుడే.

“కొలవండి,” అంది ఆమె.

“ఏంటి మేడమ్?”

“నా తల కొలిచి చెప్పండి. కొలతకి టేపుంటుంది కదా మీ దగ్గర.”

“ఎందుకే,” అన్నాడు భర్త, “చిన్న సైజే. చూస్తే తెలియట్లా?”

షాపతను టేపు తీశాడు. కనుబొమల పైన, చెవుల మీదుగా తిప్పి, వెనక ఉబ్బెత్తు దగ్గర కలిపాడు. హెల్మెట్ కోసమని ఆమె రోజూ జడని మెడ దగ్గరికి దించి కట్టుకుంటుంది, టేపుకి జుట్టు అడ్డం రాలేదు. షాపతను అంకె చూశాడు. టేపు తీసి మళ్ళీ చుట్టి మళ్ళీ చూశాడు.

“ఇప్పుడు ఆయనది,” అంది ఆమె.

“నాదెందుకు, నాకు నా సైజు తెలుసు.”

“కొలవనివ్వండి. ఏం పోయింది?”

భర్త తల కూడా కొలిచాడు. షాపతను ఇద్దరి వైపూ చూసి, వ్యాపారస్తుడు కాబట్టి జాగ్రత్తగా, “మేడమ్‌ది సార్ కంటే ఓ సైజు పెద్దదండీ” అన్నాడు.

“జుట్టండీ, జుట్టు!” భర్త గట్టిగా నవ్వాడు. “మనకి అది లేదు కదా.”

“జుట్టు కిందకి కట్టారు సార్. టేపు నుదుటి మీదే ఉంది.” షాపతను ఆమె నుదురు చూశాడు. ఏడాదిగా ఉంటున్న ఎర్రటి గీత అక్కడ ఉంది. ఇంట్లో రోజూ చూసేవాళ్ళెవరూ అడగని గీత. “మేడమ్, మీకు తలనొప్పి వస్తుంటుందా? మధ్యాహ్నానికల్లా?”

జవాబు చెప్పాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు. భర్త వైపు తిరిగి చూసింది. మాత్రలూ, కళ్ళ పరీక్షా, అన్ని పెళ్ళిళ్ళలో చెప్పిన జోకూ అన్నీ ఆ చూపులో ఉన్నాయి. భర్త గోడ మీది హెల్మెట్లు చూస్తున్నాడు.

“నాకు ఫుల్ ఫేస్ కావాలి,” అంది. “నా సైజులో. కలర్ ఏదైనా సరే.”

“దగ్గర దగ్గరేగా నువ్వు తిరిగేది, అంత బరువెందుకే?” అన్నాడు భర్త. “గుమ్మంలో హెల్మెట్‌తో నిలబడితే ఎవరో భయపడ్డారని చెప్పావు కూడా.”

“భయపడనివ్వండి. తలుపు తీశాక తగ్గిపోతుంది.”

షాపతను బూడిద రంగుది దించాడు. పట్టీలు రెండూ పక్కలకి లాగి పెట్టుకోమన్నాడు. లోపలికి వెళ్ళేటప్పుడు బిగుతుగా ఉంది. వెళ్ళాక తల చుట్టూ అంతటా సమంగా పట్టుకుంది, ఎక్కడా గుచ్చుకోలేదు. బుగ్గలు మెత్తగా లోపలికి నొక్కుకున్నాయి, ఎవరో రెండు అరచేతుల్లో పట్టుకున్నట్టు.

“ఇప్పుడు తల అడ్డంగా ఊపండి మేడమ్. గట్టిగా. హెల్మెట్ తలతో పాటే తిరగాలి, విడిగా కదలకూడదు.”

ఆమె ఊపింది.

“ఇంకా గట్టిగా.”

ఇంకా గట్టిగా ఊపింది. పెళ్ళయ్యాక ఇంత గట్టిగా తల అడ్డంగా ఊపడం ఇదే. నిలువుగా ఊపీ ఊపీ మెడ నరాలు ఆ దారికే అలవాటు పడిపోయినట్టున్నాయి, చిన్నగా పట్టేశాయి. హెల్మెట్ కదల్లేదు. అద్దంలో ఒక మనిషి వద్దు, వద్దు, వద్దు అంటోంది. చూడటానికి బాగుంది. ఆపాలనిపించలేదు.

“చాల్లేవే, జనం చూస్తున్నారు,” అన్నాడు భర్త.

“ఇదే ఇవ్వండి. డబ్బు నేనిస్తా,” అని హెల్మెట్ తీసి, పాతదాన్ని పక్కన పెట్టింది. మెత్తలు లేకుండా నోరు తెరుచుకుని పడుకుంది అది. షాపతను దాన్ని వెల్లకిలా తిప్పాడు. గుంట చూశాడు, చీలిక చూశాడు. తర్వాత తలెత్తి భర్త ముఖంలోకి పరీక్షగా చూశాడు.

“సార్, మీరు పోయినేడు వచ్చారు కదూ? వానలో పడి, చేతికి కట్టుతో. ఇది చంకలో పెట్టుకుని.”

భర్త వాచీ చూసుకున్నాడు.

“మీరే సార్. నాకు గుర్తే. ఇది నేను అప్పుడే లోపల తీసి చూపించా కదా? పగిలింది, ఇక పనికిరాదు, పట్టీ కోసి పారేద్దాం అన్నాను. మీరే వద్దన్నారు. ‘ప్రాణం కాపాడిన వస్తువు, గుర్తుగా దాచుకుంటా’ అన్నారు.” షాపతను ఆమె వైపు తిరిగాడు. అప్పుడు అతనికి అర్థమైంది. నోరు మూసుకున్నాడు. కానీ ఆలస్యమైపోయింది.



తెలీక ఇచ్చి ఉంటే క్షమించే దారి ఒకటి ఉండేది. ఇన్నేళ్ళుగా ఆమె ఎన్నింటికో ఆ దారే వెతుక్కుంది. పాపం తెలీదు, మగవాడు కదా, ఇంటి విషయాలు తెలీవు. తెలీదు అన్న దుప్పటి కింద ఎన్ని దాచింది ఆమె! ఈ మనిషికి తెలుసు. తీసి చూపిస్తే చూశాడు. చూసి ఇంటికొచ్చి, మెత్తలు మళ్ళీ ఎక్కించి, గుండీలు పెట్టి, పైన తుడిచి, నీకిది చాల్లే అన్నాడు. ఆ మెత్తలు ఎక్కించడం ఒక్కటే అతను ఆ ఇంట్లో హెల్మెట్‌కి చేసిన పని.

“అది కాదే,” అన్నాడు భర్త. గొంతు తగ్గింది. “వీళ్ళు అట్లాగే అంటారు, కొత్తవి అమ్ముకోవాలి కదా. ఇంత బాగున్న వస్తువుని ఎవరు పారేస్తారు? ఏడాది వాడావు, నీకేమన్నా అయిందా?”

ఆమె పర్సు తీసి షాపతనికి డబ్బిచ్చింది. ఆమె అరవకపోవడం చూసి భర్తకి ధైర్యం వచ్చింది. గండం గడిచిందనుకున్నాడు. ఎప్పుడూ అలాగే గడిచేవి. ఆ ధైర్యంలో పాత హెల్మెట్‌ని చేతిలోకి తీసుకుని, దుమ్ము దులిపి, ఇల్లు చక్కదిద్దే మనిషిలా అన్నాడు:

“ఇది వదిలేయడం దేనికి? మీ చెల్లి బండి నేర్చుకుంటోందిగా. ఆమెకిద్దాం. కొత్తలో ఎక్కడికి పోతుంది, దగ్గర దగ్గరే కదా తిరిగేది.”

ఆమె తలెత్తింది.

అతని పక్కన స్టూలు మీద అతని ఫుల్ ఫేస్ ఉంది, పొద్దున ఆమె ఉతికి ఎండలో ఆరేసిన మెత్తలతో. ఆమె దాన్ని తీసి చంకలో పెట్టుకుంది.

“మా చెల్లికిద్దాం లెండి. ముందు ఒక్కసారి మీరు పెట్టుకోండి. ఇంటిదాకా.”

“ఏంటీ?”

“దగ్గరేగా.”

“నా హెల్మెట్ ఇటివ్వు.”

“ఇంటికెళ్ళాక ఇస్తా. ఇది బాగానే ఉందన్నారుగా? పైన గీత కూడా లేదు. అత్తయ్య కళ్ళకి అద్దుకున్న టోపీయే. పెట్టుకోండి, నేను చూస్తా.”

హెల్మెట్ కొనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఇటు తిరిగారు. షాపతను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు. భర్త చేతిలో పాత హెల్మెట్ వెల్లకిలా ఉంది. దాని చీలిక అతనికే కనబడుతోంది. అతని బొటనవేలు అనుకోకుండా ఆ గుంటలోకి దిగింది. వెంటనే తీసేశాడు, పొడి అంటుకున్న వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“నీకేమన్నా పిచ్చా?” అన్నాడు. కోపంలో గొంతు పెరిగింది, వాకిట్లో ఉన్నవాళ్ళకీ వినబడింది. “పగిలినదాన్ని ఎవరైనా తలకి పెట్టుకుంటారా?”

కుర్రాళ్ళలో ఒకడు కిందకి చూశాడు. భర్త నోరు ఆ మాట చివర తెరుచుకునే ఉండిపోయింది. తను అన్నది తన చెవినే పడినట్టుంది.

ఆమె చంకలోని ఫుల్ ఫేస్‌ని తీసి అతనికిచ్చేసింది. దానితో ఇక ఆమెకి పని లేదు.

“కత్తెర ఉందా అండీ?” అని షాపతన్ని అడిగింది. రోజూ సూదులు గుచ్చే చెయ్యి అది. పాత హెల్మెట్ పట్టీని రెండు వైపులా మొదట్లో కత్తిరించింది. మందపాటి పట్టీ, ఒక పట్టాన తెగలేదు. తెగేదాకా కోసింది. ఆ ముక్కలు అక్కడే వదిలేసి, పట్టీ లేని డిప్పని భర్త చేతిలో పెట్టింది. పారేయడానికి ఆమెకి మనసొప్పలేదు. హాల్లో అతని హెల్మెట్ తగిలించే మేకు ఉంది. ఇక నుంచి ఇది ఆ మేకుకి ఉంటుంది, లోపలి వైపు బయటికి తిప్పి. వచ్చిన వాళ్ళు ఇదేంటని అడుగుతారు. అడిగితే చెప్పడానికి ఇంట్లో మాటకారి ఉన్నాడు, నవ్వించి సంతకాలు పెట్టించేవాడు. చెప్పుకోనీ.

“తాళం ఇవ్వండి.”

“నేను నడుపుతాలే.”

“బండి నాది,” అంది. చెయ్యి చాపే ఉంచింది. తాళం వచ్చింది.

కొత్త హెల్మెట్ పెట్టుకుని, పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత చోటు ఉందో లేదో చూసుకుంది. బండి స్టార్టు చేసింది. అతను వెనక సీటు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, కుర్రాళ్ళ వైపు చూశాడు. చివరికి ఎక్కాడు. పాతదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇంట్లో అమ్మకి ఏం చెబుతావు?” అని వెనక నుంచి అడిగాడు.

“నేనా? నేనేం చెప్పను. వచ్చే ఆదివారం మెత్తలు ఎవరివి వాళ్ళే ఉతుక్కోవాలని మాత్రం చెబుతా.”

అతను ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె హెల్మెట్ ముందు అద్దం కిందకి దించింది. దారిలో గుంతలు చాలా ఉన్నాయి. గుంత వచ్చినప్పుడల్లా అతను రెండు చేతులా ఆ డిప్పని జారిపోకుండా పట్టుకుంటున్నాడు. ఆమె వేగం తగ్గించలేదు. ఏడాదిపాటు నెత్తిన మోసింది తను. ఇంటిదాకా ఒళ్ళో మోస్తే అరిగిపోడు.